మొదటి వాయి

శనివారం నాడు ఇనుము ఇంటికి తేకూడదన్న సంగతి మలక్‌పేటలో ఉండే తమ్ముడికి గుర్తులేదు. ఉన్నా లెక్కచేసే రకం కాదు. కొత్త ఫ్లాటులో గోడలోనే ఓవెన్ అమర్చి ఇచ్చారట, పాతది నీకు కావాలా అక్కా అని ఫోన్ చేశాడు. కావాలనడానికి విజయలక్ష్మి అతని మాట పూర్తి కానివ్వలేదు. మర్నాడు పొద్దున శాలిబండలోని వాళ్ల ఇంటి ముందు ఆటో ఆగింది. వెనక సీట్లో పాత దుప్పటి కప్పుకుని ఓవెన్ ఒక్కటే దర్జాగా కూచుని ఉంది.

విజయలక్ష్మి మెట్లు దిగిన తీరు చూస్తే ఆమెకు యాభై దాటాయని, రోజూ మోకాళ్లకు నూనె రాసుకుంటుందని ఎవరూ అనుకోరు. కింద ఆమె భర్త రామలింగయ్యది బెల్లం, చింతపండు, పప్పుల దుకాణం. గల్లా ముందు కూచున్న ఆయన తల ఎత్తి ఆటోను చూశాడు, భార్యను చూశాడు, మళ్లీ తల దించుకున్నాడు. ఇంటి సంగతుల్లో ఆయన పాత్ర అంతవరకే.

"కహా ఉతారూ అమ్మా?" అన్నాడు ఆటో అతను.

"ఊపర్. ఆహిస్తా భాయ్, షీషా హై," అంటూ విజయలక్ష్మి పైకి చూపించి, అద్దం జాగ్రత్త అన్నట్టు సైగ చేసింది.

పైన తలుపు దగ్గరే అత్తగారు వాసవాంబ నిలబడి ఉంది. చేతిలో చాయ్ గ్లాసు. ఎనభై ఏళ్ల మనిషి, చూపు సగమే కానీ చెవులు మాత్రం పాము చెవులు. ఆటో ఆగిన చప్పుడుకే కుర్చీలోంచి లేచింది.

"ఇయ్యాల ఏం వారం విజయా?"

విజయలక్ష్మికి అప్పుడు గుర్తొచ్చింది. "శనారం అత్తమ్మా."

"శనారం నాడు ఇనుము గడప దాటుతదా?"

దాటదు. అందుకని ఓవెన్ తలుపు బయట, మెట్ల మీది వసారాలో ఆగిపోయింది. అక్కడ చెప్పుల అరుగు, నీళ్ల మోటరు స్విచ్చి, పనిమనిషి సత్తెమ్మ చీపుర్లు, బకెట్లు ఉంటాయి. విజయలక్ష్మి దుప్పటి తీసి, దానికి నల్లటి మూత, మూడు గుండ్రటి మీటలు ఉండడం చూసి మురిసిపోయింది. ఒక్కరోజే కదా, రేపు ఆదివారం అనుకుంది. పైగా వచ్చే శుక్రవారం తమ కులసంఘం ఆడవాళ్లంతా ఈ ఇంటికి పారాయణానికి వస్తున్నారు. ప్రతి ఇంట్లోనూ పారాయణం తర్వాత అదే ఉప్మా, అదే మిర్చి బజ్జీ. ఆమె మాత్రం తన ఇంటి నెయ్యితో, తన చేత్తో నాన్‌ఖటాయి బిస్కెట్లు కాల్చి పెట్టబోతోంది. గుడ్డు లేదు, డాల్డా లేదు, నోట్లో వేసుకుంటే కరిగిపోవాలి. మధ్యాహ్నం నిద్ర పట్టక రెండుసార్లు వసారాలోకి వెళ్లి ఓవెన్ మీటలు తిప్పి చూసి వచ్చింది.

ఆదివారం పొద్దున జహనుమా నుంచి షేర్ ఆటోలో దిగి సత్తెమ్మ మెట్లెక్కింది. ఆమెది బక్కపల్చని ఒళ్లు, పెద్ద గొంతు. ఓవెన్‌ను చూడగానే చేతిసంచి పక్కన పడేసి దాని ముందు గొంతుకూచుంది. మూత తెరిచింది. తల లోపలికి పెట్టింది. తల బయటికి తీసి విజయలక్ష్మి మొహంలోకి చూసింది.

"అమ్మా, గిండ్ల కోడిని కాల్చిర్రు."

"మెల్లగ అను. మావోళ్లు కోమటోళ్లే, మా తమ్ముని ఇంట్ల నీసు ముట్టరు."

"ముట్టరో ముట్టిర్రో నాకు తెల్వదు. వాసన నాకు తెల్వదా?" అంటూ సత్తెమ్మ అడుగున ఉన్న రేకు పళ్లెం బయటికి లాగింది. మాడిన పొడి, ఎండిన జిడ్డు, వాటి మధ్యన వేలి పొడుగు కూడా లేని ఒక ఎముక.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు కాదు, ఎలుకను పడితే కొండ మీద పడినట్టయింది విజయలక్ష్మికి. అక్కడికక్కడే తమ్ముడికి ఫోన్ చేసింది. అతను ఒట్టు పెట్టుకున్నాడు. అతని వెనక నుంచి కొడుకు ప్రణీత్ నవ్వు వినిపించింది. మేము ఊరెళ్లినప్పుడు వీడు దోస్తులతో ఏమన్నా చేసిండేమో అక్కా అని తమ్ముడు నీళ్లు నమిలాడు. ఫోన్ పెట్టి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో వాసవాంబ.

"నీసు పొయ్యి," అంది వాసవాంబ. అరవలేదు, తిట్టలేదు. తీర్పు చెప్పినట్టు చెప్పింది. "ఇంట్ల అమ్మవారున్నది. ఇది గడప దాటదు."

"కడుగుత అత్తమ్మా. వాసన పోయేదాక కడుగుత."

కోడలు ఏదైనా ఇంతగా అడగడం వాసవాంబకు కూడా కొత్తే. "కడుగు. పోయిందో లేదో నేను చూసి చెప్త. మొదటి వాయి అమ్మవారికి నైవేద్యం పెట్టాలె. నా ముక్కు ఒప్పుకుంటెనే లోపలికి."

శుక్రవారం దాకా గడువు. విజయలక్ష్మి కొంగు నడుముకు చెక్కింది. సత్తెమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపింది. ఇద్దరూ ఓవెన్‌కు చెరోపక్క కూచున్నారు.

కడగడమంటే ఆ ఇంట్లో కొత్త కాదు. ఇత్తడి చెంబులు చింతపండుతో తోమి, ముగ్గుతో తోమి, మొహం కనపడేదాకా వదలని ఇల్లది. సత్తెమ్మ తన అలవాటు ప్రకారం ఇనుప పీచు తీసి లోపలి గోడ మీద రెండు గీరుడు గీరింది. జిడ్డు కదల్లేదు కానీ గోడ మీద రెండు తెల్లటి చారలు పడ్డాయి.

"ఆగు ఆగు. పైపూత పోతున్నది," అంటూ విజయలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మరి ఎట్ల తోమాలె? గిది ఏమన్న అత్తరు సీసానా?"

లోపలి గదిలోంచి కూతురు కీర్తిప్రియ చెవులకు తగిలించుకున్న మైకు పక్కకు జరిపి కేకేసింది. ఆమెకు ఆదివారం కూడా ఆఫీసే, ఇంటి నుంచే. "ఇనుప పీచు వద్దమ్మా. తినే సోడా నీళ్లల్ల కలిపి ముద్ద లెక్క పుయ్యాలంట. రాత్రంత ఉంచాలె. ఆ నల్ల కడ్డీలకు మాత్రం తడి తగలొద్దు."

ఇంట్లో ఉన్న సోడా పొట్లం సరిపోలేదు. కింద దుకాణంలోంచి రామలింగయ్య ఇంకో డబ్బా పంపాడు, ఎందుకని అడగకుండా. ఇద్దరూ పెద్ద గిన్నెలో సోడా, నీళ్లు కలిపి ముద్ద చేశారు. వేడెక్కే కడ్డీలకు పాత పాలిథిన్ కవర్లు చుట్టి దారం కట్టారు. తర్వాత చేతులతోనే లోపలి గోడలకు, పైకప్పుకు, మూలలకు ముద్ద పూయడం మొదలుపెట్టారు. పైకప్పుకు పూస్తుంటే సగం సత్తెమ్మ నెత్తి మీదే రాలింది. గోడకు సున్నం వేసినట్టుంది అని ఆమె నవ్వింది. ప్లాస్టిక్ టబ్బులో వేడినీళ్లు పోసి, బట్టల సోడా వేసి, జాలీలను, రేకు పళ్లాన్ని నానబెట్టారు.

మిగిలిన ముద్దను సత్తెమ్మ పారేయలేదు. అరచేతిలో చిన్న చిన్న ఉండలు చేసి, ఒక్కొక్కదాన్ని బొటనవేలితో కొంచెం నొక్కి, మూత మీద వరసగా పేర్చింది.

"గిట్లనేనా అమ్మా నువ్వు చేసేటియి?"

"అచ్చం గిట్లనే. నడుమ ఒక పిస్తా పలుకు పెట్టాలె."

"సూడు, గింత కష్టపడ్తున్న. మొదటి వాయి మాత్రం నేనే పెడ్త. నా చేతులతోని పెట్టి, మూత ఏసి, ఎట్ల ఉబ్బుతయో అద్దంలకెల్లి సూస్త."

విజయలక్ష్మి ఆ ఉండలను చూసి పట్టలేనంత సంబరపడింది. "నువ్వే పెట్టు సత్తెమ్మా. నీ చెయ్యి మంచిది," అంది. ఆమె ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. వంటిల్లు ఎక్కడుందో, సత్తెమ్మ ఎక్కడిదాకా రాగలదో ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు. సత్తెమ్మ ఆ ఇంట్లో హాలు ఊడుస్తుంది, వెనక పంపు దగ్గర గిన్నెలు తోముతుంది, వసారా కడుగుతుంది. వంటింట్లోకి, పూజగదిలోకి అడుగు పెట్టదు. అది ఎవరూ ఎవరికీ చెప్పక్కరలేని సంగతి.

సోమవారం ఎండిన ముద్దను తడిగుడ్డతో తుడుస్తుంటే గోధుమ రంగు నీళ్లు కారాయి. జిడ్డు కరిగింది కానీ మూలల్లో మిగిలింది. కీర్తిప్రియ చిన్నప్పటి ప్లాస్టిక్ స్కేలు దొరికితే దాంతో గీరారు. నిమ్మచెక్కలతో రుద్దారు. మూత అద్దం మీది పసుపుపచ్చటి మరకలు వదలడానికి ఆ పూటంతా పట్టింది. సత్తెమ్మ తుడుస్తూ తుడుస్తూ అద్దంలో తన మొహం కనపడగానే ఆగి, బొట్టు సర్దుకుంది. మెట్లెక్కి వచ్చిన పాలాయనకు కూడా చూపించింది. మొదటి వాయి తనే పెడుతున్నానని అతనికి చెప్పింది. ఆ సాయంత్రానికి జహనుమాలో వాళ్ల గల్లీ అంతా చెప్పింది, మర్నాడు వచ్చి ఆ సంగతి కూడా విజయలక్ష్మికి చెప్పింది.

"మా కోడలు నమ్ముతలేదమ్మా. నీకు కరెంటు పొయ్యి ముట్టనిస్తరా అంటది. శుక్కురారం నాకు నాలుగు తెచ్చిపెట్టు, అప్పుడు నమ్ముత అంటది."

"నాలుగెందుకు, డబ్బా నిండ తీస్కపో."

బుధవారం ఖాళీ ఓవెన్‌ను వేడిచేసి చూడాలని కీర్తిప్రియ చెప్పింది. మోటరు ప్లగ్గు తీసి ఓవెన్ ప్లగ్గు పెట్టారు. విజయలక్ష్మి మీట తిప్పింది. లోపల కడ్డీలు మెల్లగా ఎర్రబడ్డాయి. ఇద్దరు ఆడవాళ్లూ అద్దం ముందు పక్కపక్కనే కూచుని చూశారు. మొదట ఏమీ లేదు. తర్వాత పైకప్పు సందుల్లోంచి సన్నగా పొగ. ఆ తర్వాత అది సన్నగా లేదు. ఎక్కడో కంటికి కనపడని చోట దాక్కున్న కొవ్వంతా ఒక్కసారి కాలి, శాలిబండ మెట్లన్నీ కోడి కబాబు వాసనతో నిండిపోయాయి. కింద దుకాణంలో శనగపప్పు కొంటున్న ఒకాయన, "ఏం సేఠూ, కొత్త ధందానా?" అని రామలింగయ్యను అడిగాడట.

పైన వాసవాంబ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పూజగది తలుపు వేసుకుంది. "ఇగ అయిపోయింది. దాన్ని అమ్మేయుండ్రి," అంది లోపలి నుంచి.

విజయలక్ష్మికి ఏడుపొచ్చింది. పొగ వల్లే అని తనకు తాను చెప్పుకుంది. అప్పుడు సత్తెమ్మ ఆమెను మోచేత్తో పొడిచింది.

"ఫికర్ ఎందుకమ్మా? గిది మంచిదే. పొగంత బయటికొస్తున్నదంటే లోపలిది పోతున్నదన్నట్టు. మా ఇంటాయన బీడీలు మానినప్పుడు గిట్లనే మస్తు దగ్గిండు. కాలనియ్."

కాలనిచ్చారు. వసారా తలుపులు బార్లా తెరిచి, విసనకర్రలతో పొగను మెట్ల మీదికి తరిమారు. పొగ తగ్గింది, ఆగింది. చల్లారాక ఓవెన్‌ను పక్కకు వాల్చి చూస్తే, పైకప్పుకూ వెనక గోడకూ మధ్య సందులో నల్లటి ముద్ద కనపడింది. దాన్ని చీపురు పుల్లకు గుడ్డ చుట్టి తీశారు. మళ్లీ సోడా ముద్ద, మళ్లీ నిమ్మకాయ. గురువారం పొద్దున మళ్లీ వేడిచేశారు. ఈసారి అద్దం వెనక ఎర్రటి కడ్డీలు తప్ప ఏమీ లేవు. పొగ లేదు. వేడి ఇనుము వాసన, అంతే. విజయలక్ష్మి సత్తెమ్మ రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లలా ఊపేసింది. సత్తెమ్మ గోళ్ల సందుల్లో ఇంకా నల్లటి జిడ్డు ఉంది, వేళ్ల చివర్లు సోడాకు తెల్లగా ముడతలు పడ్డాయి.

సాయంత్రం వాసవాంబ ముక్కు పరీక్ష. హాల్లోంచి కుర్చీ తెచ్చి వసారాలో వేశారు. ముసలావిడ కళ్లజోడు తీసేసింది, ముక్కుకు కళ్లజోడు అడ్డమట. ఓవెన్ లోపలికి తల పెట్టి ఎడమ మూల వాసన చూసింది. కుడి మూల చూసింది. పైకప్పు కింద చాలాసేపు ఆగింది. కీర్తిప్రియ గుమ్మంలో నవ్వు ఆపుకుంటూ నిలబడింది.

"నిమ్మకాయ వాసనొస్తున్నది," అంది వాసవాంబ చివరికి.

"ఇంకేం వస్తున్నది అత్తమ్మా?"

"ఇంకేం లేదు." ఒప్పుకోవడం ఆమెకూ కొంచెం కష్టంగానే ఉంది. "పసుపు నీళ్లు పోసి లోపలికి తీస్కరాండ్రి."

పోయడం కుదరదని, కరెంటు వస్తువని కీర్తిప్రియ గొడవ పెట్టుకుంది. నీళ్లు పోయకుండా శుద్ధి ఎట్లయితదని వాసవాంబ. ఆఖరికి మామిడాకుతో చల్లేటట్టు రాజీ కుదిరింది. వాసవాంబ స్వయంగా చల్లి, అద్దానికి అయిదు చోట్ల పసుపు, కుంకుమ బొట్లు పెట్టింది. తర్వాత విజయలక్ష్మి ఒక పక్క, సత్తెమ్మ ఒక పక్క ఓవెన్‌ను ఎత్తారు. హాలు దాటి వంటింటి గడప దాకా వచ్చారు. అక్కడ రామలింగయ్య ఎదురొచ్చి చేతులు చాచాడు. సత్తెమ్మ తన పక్క ఆయనకు అందించి వెనక్కి జరిగింది. ఓవెన్ లోపలికి వెళ్లిపోయింది.

"రేపు ఎన్నిటికి రమ్మంటవమ్మా?" బయటి నుంచి సత్తెమ్మ అడిగింది.

"జల్ది రా. పొద్దుగాల్నే రా," అని విజయలక్ష్మి లోపలి నుంచే కేకేసింది. ఓవెన్‌ను కిటికీ పక్కన పెట్టాలా, గ్రైండర్ పక్కన పెట్టాలా అన్న ఆనందంలో ఉందామె.

శుక్రవారం సత్తెమ్మ నిజంగానే పొద్దున్నే వచ్చింది. తలకు పోసుకుని, తడి జుట్టు ముడి వేసుకుని, పండక్కి కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. గోళ్లన్నీ కత్తిరించుకుంది. వసారాలో బకెట్ నీళ్లతో చేతులు కడిగి, హాలు దాటి వంటింటి గడప దగ్గర నిలబడింది.

విజయలక్ష్మి అప్పటికే పిండి కలిపింది. మైదా, శనగపిండి, చక్కెర పొడి, యాలకులు, పేరుకున్న నెయ్యి. ఉండలు చేసి పళ్లెంలో వరసగా పేర్చి, నడుమ పిస్తా పలుకులు అద్దుతోంది. తల ఎత్తి సత్తెమ్మను చూసింది. ఆకుపచ్చ చీరను చూసింది. కత్తిరించిన గోళ్లను చూసింది. ఆదివారం నాడు తనన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

స్టవ్ పక్కన పీట మీద కూచుని పులిహోరకు పల్లీలు వేయిస్తున్న వాసవాంబ కూడా చూసింది. "ఏంది సత్తీ, గడప మీద నిలబడ్డవ్? గిన్నెలు వెనక ఉన్నయి."

"మొదటి వాయి నన్ను పెట్టమన్నది అమ్మ."

వాసవాంబ నవ్వింది. కోపంతో కాదు, నిజంగానే నవ్వొచ్చి నవ్వింది. "వంటింట్లకొచ్చా? అమ్మవారి నైవేద్యం నువ్వు పెడ్తవా? విజయా, ఏమంటున్నదే ఇది?"

విజయలక్ష్మి నోరు తెరవలేదు. తెరవాలనుకుంది, పిస్తా పలుకు పట్టుకున్న వేళ్లు అట్లాగే ఆగిపోయాయి. ఎంతసేపో కాదు, పల్లీలు ఒక్కసారి కలిపేంత సేపు. ఆ కాస్తలోనే సత్తెమ్మకు అంతా అర్థమైంది.

"నవ్వులకు అన్నది తియ్ పెద్దమ్మా. నేనే ఎచ్చులకు అడుగుతున్న," అంది సత్తెమ్మ. వెనక్కి తిరిగి, ఆకుపచ్చ చీర కొంగు నడుముకు చెక్కుకుంటూ పంపు దగ్గరికి వెళ్లిపోయింది. కాసేపటికి గిన్నెల చప్పుడు మొదలైంది.

తనను కాపాడడానికి ఆమె అబద్ధమాడిందని విజయలక్ష్మికి తెలుసు. పళ్లెం సిద్ధంగా ఉంది. ఓవెన్ కిటికీ పక్కన, అయిదు బొట్లు పెట్టుకుని పెళ్లికూతురిలా కూచుంది. ఆమె వారం రోజులుగా కోరుకున్నది ఇదే. ప్లగ్గు చేతిలోకి తీసుకుంది కానీ పెట్టలేదు.

"అత్తమ్మా, ఇయ్యాల కాల్చినంక దీన్ని ఎవరు కడుగుతరు?"

"సత్తి కడుగుతది. ఇంకెవరు కడుగుతరు? బయట పెట్టియ్యి."

"కడిగినంక?"

"పసుపు నీళ్లు చల్లి లోపలికి తెచ్చుకుంటం."

"అంటే ఖరాబు చేసేది మనం, బాగు చేసేది ఆమె. మైలయ్యేది మాత్రం ఆమె ముట్టుకుంటే."

వాసవాంబ గరిటె ఆపింది. "పొద్దుపొద్దున ఏం మాటలివి?"

విజయలక్ష్మి పూజగది వైపు చూసింది. పీఠం ముందు పళ్లెంలో పేడాలున్నాయి. ప్రతి శుక్రవారం మిఠాయి దుకాణం నుంచి వచ్చేవే, అమ్మవారికి పెట్టేవే. "ఆ పేడాలు చేసినోళ్లు ఎవరో ఎన్నడన్న అడిగినమా అత్తమ్మా? ఎవరి చెయ్యి పడ్డదో?"

"అది బయటిది. బయటిదాన్ని ఎవ్వరడుగుతరు? ఇంట్ల చేసిందానికే మడి."

"మంచిగ చెప్పినవ్ అత్తమ్మా," అంది విజయలక్ష్మి. ఆ మాటతో ఆమెకు చప్పున దారి కనపడింది. "అయితే ఇది కూడ బయటనే ఉంటది. కీర్తీ, ఒక్కసారి రా బిడ్డా."

కీర్తిప్రియ చెవులకు మైకు వేలాడుతుండగానే మీటింగులోంచి పరుగెత్తుకొచ్చింది. తల్లి మొహం చూసి ఒక పక్క పట్టుకుంది. తల్లీకూతుళ్లు ఓవెన్‌ను వంటిల్లు దాటించారు, హాలు దాటించారు. వాసవాంబ పీట మీది నుంచి లేవలేదు. "నాలుగొద్దులు కడిగించి మళ్ల బయట పెడ్తవా? నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్న మాట వాళ్ల వెనకే గడప దాకా వచ్చి ఆగిపోయింది.

చప్పుడుకు సత్తెమ్మ తడిచేతులతో వచ్చింది. "ఖరాబైందా అమ్మా?"

"లేదు. ఇగ ఇది ఇక్కడనే ఉంటది. చేతులు తుడుసుకో, పళ్లెం తెస్త."

సత్తెమ్మ కదల్లేదు. "నాకొద్దమ్మా. ఇంకొంచెం సేపైతే అందరొస్తరు. లొల్లయితది. లొల్లి మీకు, మాట నాకు."

"ఇందాక నేను నోరు తెరవలే సత్తెమ్మా. నువ్వు అబద్ధమాడి నా పరువు కాపాడినవ్. నాకు మస్తు సిగ్గయింది."

సత్తెమ్మ చాలాసేపు కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. చేతులు ఎప్పుడో ఆరిపోయాయి. ఆమెకు కోపం ఉంది, అది దాచుకోలేదు కూడా. "మా గల్లీ మొత్తం చెప్పుకున్న నేను. ఏం మొహం పెట్టుకొని పోవాలె అనుకుంట గిన్నెలు తోముతున్న," అంది. తర్వాత ఓవెన్ ముందు గొంతుకూచుంది. అద్దం మీది కుంకుమ బొట్లను వేలితో తాకి చూసింది. "గియి వేడికి మాడి అద్దానికి అంటుకపోతయి. మళ్ల నేనే గీరాలె," అని తడిగుడ్డతో అయిదింటినీ తుడిచేసింది.

విజయలక్ష్మి పళ్లెం తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. సత్తెమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒక్క ఉండ కూడా కదలకుండా మధ్య జాలీ మీదికి జరిపింది. మూత వేసింది. వేసినాక ఒకసారి నొక్కి చూసింది.

సంఘం ఆడవాళ్లలో మొదట వచ్చినవాళ్లు మెట్లెక్కేసరికే వాసన వాళ్లకు ఎదురుగా వీధిలోకి దిగిపోయింది. నెయ్యి, యాలకులు, కమ్మగా వేగుతున్న పిండి. సంఘంలో పెద్దావిడ నాగమణమ్మ పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పైకొచ్చి, చెప్పులు విడుస్తూ ఆగింది. "ఏంది విజయా, పొయ్యి ఇక్కడ పెట్టినవ్?"

"దాని జాగ ఇక్కడనే అక్కా. మా సత్తెమ్మ కాలుస్తున్నది."

నాగమణమ్మ పక్కావిడ వంక చూసింది. పక్కావిడ చెప్పుల వంక చూసింది. ఇద్దరూ లోపలికి వెళ్లారు. తర్వాత వచ్చిన వాళ్లలో ఇద్దరు చిన్నవయసు కోడళ్లు మాత్రం సత్తెమ్మ పక్కనే మెట్టు మీద కూలబడి అద్దంలోంచి చూడసాగారు. ఉండలు మెల్లగా పరుచుకున్నాయి, పైన సన్నటి పగుళ్లు విచ్చుకున్నాయి.

"ఉబ్బుతున్నయమ్మా," అంది సత్తెమ్మ. అద్దానికి మొహం ఎంత దగ్గరగా పెట్టిందంటే బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆమె గొంతులో కోపం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. "సూడుండ్రి, సూడుండ్రి, ఉబ్బుతున్నయి."

వెనక వరసలోవి రెండు కొంచెం మాడాయి. మిగతావన్నీ బంగారు రంగులో దిగాయి. సత్తెమ్మ మందపాటి గుడ్డతో పళ్లెం బయటికి తీసింది. విజయలక్ష్మి వెండి గిన్నె తెచ్చి, వాటిలోంచి అయిదు ఏరి గిన్నెలో పెట్టింది. సత్తెమ్మకు అర్థమై ఆమె కొంగు పట్టుకుంది.

"గవి అమ్మవారికా? వద్దమ్మా. రెండో వాయి నువ్వు పెట్టి గప్పుడు..."

"మొదటి వాయే అమ్మవారిది," అంది విజయలక్ష్మి, కొంగు విడిపించుకుంది.

హాల్లో ఆడవాళ్లంతా జంపఖానా మీద సర్దుకుని కూచున్నారు. పూజగదిలో వాసవాంబ పీఠం పక్కన తన చోట్లో ఉంది. కోడలు వెండి గిన్నెతో లోపలికి రావడం, దాన్ని పేడాల పళ్లెం పక్కన అమ్మవారి ముందు పెట్టడం, చుట్టూ నీళ్లు తిప్పడం చూసింది. వేడి నాన్‌ఖటాయిల మీంచి ఇంకా ఆవిరి వస్తోంది. ఆ ఇంట్లో నైవేద్యం గంట కొట్టేది వాసవాంబే. విజయలక్ష్మి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఇంకెవరూ దాన్ని ముట్టుకోలేదు. విజయలక్ష్మి చేతులు కట్టుకుని ఎదురుచూసింది.

వాసవాంబ గంట వైపు చూడలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూచుంది.

విజయలక్ష్మి ఆమె ముందు నుంచి వంగి గంట చేతిలోకి తీసుకుంది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. మొదటి దెబ్బ సరిగా పలకలేదు, రెండోది ఇల్లంతా మోగింది.

"అమ్మా," బయటి నుంచి సత్తెమ్మ గొంతు ఆ మోతను దాటుకుని వచ్చింది, "రెండో వాయి పెట్టాల్నా?"

"పెట్టు," అంది విజయలక్ష్మి, గంట ఆపకుండానే.